పాసయ్యే గోళీ

సూరత్ గోడాదరాలో సోమలింగం ఇల్లెక్కడ అని అడిగితే ఇద్దరు ముగ్గురు సోమలింగాల ఇళ్లు చూపిస్తారు. గామా సోమలింగం అంటే మాత్రం వీధి మొదట్లో పాన్ కొట్టు, అదే గల్లా, నడిపేవాడు కూడా దారి చెబుతాడు. చెప్పి, ఆయనతో కాస్త ఎడంగా నిలబడి మాట్లాడమని సలహా కూడా పారేస్తాడు. ఉత్త వేళాకోళం. తెల్లారితే ఆ గల్లా ముందు పొగాకూ వక్కా కలిపిన మావా పొట్లం చేత్తో నలుపుతూ నిలబడేది సోమలింగమే, వాడికి అంతటి నమ్మకమైన గిరాకీ ఇంకొకరు లేరు.

పక్కింటి సమ్మక్కది మాత్రం వేళాకోళం కాదు. ఆవిడ మనవణ్ని సోమలింగం ఎత్తుకోబోతే ఏదో పని గుర్తొచ్చినట్టు పిల్లాణ్ని లోపలికి తీసుకుపోయేది. ఆయన ఒంట్లో ఏదో కనపడని మంట ఉందనీ, అది పసివాళ్లకు సోకుతుందనీ ఆవిడ గట్టి నమ్మకం. సోమలింగం భార్య ప్రసన్నకు మొదట్లో చిన్నతనంగా ఉండేది. ఆయన నవ్వేసేవాడు. సమ్మక్క భయపడినందుకు కాదు, దేనికి భయపడాలో ఈ వీధిలో తనకొక్కడికే సరిగ్గా తెలుసునని.

ఆ పని అలాంటిది మరి. హజీరా వైపు ఫ్యాక్టరీలలో మేడంత ఎత్తున ఉక్కు ట్యాంకులు చేస్తారు. రెండు రేకులు వెల్డింగు చేసిన చోట లోపల పగులుందో గాలి బుడగ ఉందో పైకి కనపడదు, ఎక్స్‌రే తీయాలి. అంత మందం ఉక్కుకు ఆసుపత్రిలో ఉండే ఎక్స్‌రే ఏ మూలకు. అందుకని గామా కెమెరా అని ఒకటి వాడతారు. పేరుకే కెమెరా, చూస్తే పిడి ఉన్న ఇనుప డబ్బా, ఎత్తితే నడుం పట్టేసేంత బరువు. లోపల ఉండేది గామా కిరణాలు చిమ్మే, బియ్యపు గింజంత లోహపు ముక్క. దూరంగా నిలబడి తీగ తిప్పితే ఆ గింజ బయటికి వస్తుంది, అతుకు వెనక అంటించిన ఫిల్ము మీద బొమ్మ పడుతుంది, మళ్లీ తిప్పితే లోపలికి పోతుంది. ఆ కాసేపూ చుట్టుపక్కల నరమానవుడు ఉండకూడదు. అందుకే ఫ్యాక్టరీ ఖాళీ అయ్యాక, రాత్రిళ్లు చేస్తారు. జనం నిద్ర లేచే వేళకు సోమలింగం వచ్చి పడుకుంటాడు, ఇంటి కిందనే మగ్గాలు దడదడలాడుతుంటే ఆ పడుకోవడం కూడా ఒక పడుకోవడమేనా అని ప్రసన్న అంటుంది.

సోమలింగం వాళ్ల నాయిన మొండయ్య సిరిసిల్ల నుంచి సాంచాలు నడపడానికే సూరత్ వచ్చాడు. సాంచా అంటే కరెంటు మగ్గం. యాభై నిండకముందే ఒక మధ్యాహ్నం సాంచా పక్కనే రొమ్ము పట్టుకుని కూర్చున్నాడు, మళ్లీ లేవలేదు. దూది దుమ్ము ఊపిరి తీసిందని కొందరు, దిష్టి తగిలిందని కొందరు అన్నారు. కొడుకు మాత్రం సాంచా ముట్టనని ఒట్టు పెట్టుకుని, పద్మశాలీల గుడిలో పరిచయమైన ఒకాయన వెంట పడి ఈ గామా పని నేర్చుకున్నాడు, బొంబాయి వెళ్లి పరీక్ష రాసి సర్టిఫికెట్ కూడా తెచ్చుకున్నాడు. మేం మార్కండేయుడి వంశపోళ్లం, యమునితోని మాకు పాత పేచీ అని సైట్లో అందరినీ నవ్వించేవాడు.

నవ్వించేవాడే గానీ, పనిలో ఆయనంత భయస్తుడు లేడు. చుట్టూ ఎవరూ రాకుండా ఎర్ర రిబ్బను కట్టనిదే కెమెరా ముట్టడు. చేతిలో గామాను కొలిచే మీటరు లేనిదే ఒక్క అడుగు ముందుకు వేయడు. చొక్కా మీద బ్యాడ్జి పెట్టుకోవడం మరిచిపోయి వచ్చిన కుర్రాణ్ని గేటు దగ్గరి నుంచే వెనక్కి తోలేస్తాడు. ఆ బ్యాడ్జిలో ఎవరి ఒంటికి ఎంత గామా తగిలిందో నిలిచిపోతుంది, మూడు నెలలకోసారి దాన్ని పంపిస్తే లెక్క తేల్చి చెబుతారు. సోమలింగానికి ఎప్పుడూ దాదాపు సున్నే. ఆ కబురు వచ్చిన రోజు గుజరాతీ పలహారం ఖమణ్ పొట్లం తెచ్చి ప్రసన్న చేతిలో పెట్టేవాడు. "మనకేం రోగం లేదే, సున్న వచ్చింది" అనేవాడు.

పెళ్లయిన కొత్తలో ప్రసన్న కూడా ఆ మాట నమ్మింది. గామా సున్న అంటే గామా సున్న అనే అర్థమని, రోగం సున్న అని కాదని తెలుసుకోవడానికి ఆమెకు చాలా ఏళ్లు పట్టింది. ఆయన మాత్రం ఎన్నేళ్లయినా తెలుసుకోలేదు.

గామా పనివాళ్లందరికీ ఏడాదికోసారి కంపెనీ డాక్టరు పరీక్ష ఉంటుంది. వాళ్లు దాన్ని మెడికల్ అంటారు. రక్తం తీస్తారు, కళ్లు చూస్తారు, బీపీ చూస్తారు. పదేళ్ల కిందట ఒక మెడికల్‌లో సోమలింగానికి బీపీ బాగా ఎక్కువ వచ్చింది. మందు వాడి తగ్గించుకుని రమ్మని, అప్పటిదాకా కెమెరా ముట్టొద్దని డాక్టరు రాసింది. ఆ కొన్ని వారాలు ఆయనను స్టోరులో కూర్చోబెట్టారు. కెమెరా పట్టేవాడి జీతం వేరు, స్టోరులో ఫిల్ము డబ్బాలు సర్దేవాడి జీతం వేరు, అది అట్లా ఉంచితే, పరువు ఒకటుంది గదా. ఆయన నేర్పిన కుర్రాళ్లు కెమెరా మోసుకుంటూ ఆయన ముందు నుంచే పోతుంటే, పెళ్లిలో అలిగిన మామలా ముఖం అటు తిప్పుకుని కూర్చునేవాడట. ఇంటికొచ్చి ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. మందు వేసుకున్నాడు, బీపీ దిగింది, కెమెరా తిరిగి వచ్చింది. వచ్చిన మర్నాడే మందు మానేశాడు. ఎందుకు మానేశావంటే, రోజూ వేసుకుంటే రోగం ఉన్నట్టే గదా అన్నాడు.

మరుసటి ఏటికి ప్రసన్నకే బీపీ వచ్చింది. మునిసిపాలిటీ దవాఖానాలో చిన్న తెల్ల గోళీ ఇచ్చారు, రోజూ పొద్దున ఒకటి. మెడికల్ దగ్గర పడగానే సోమలింగానికి గోళీలు పక్కనే కనిపించాయి. మూడు రోజుల ముందు నుంచి పొద్దున్నే చెయ్యి చాపేవాడు, ఆమె గోళీ అరచేతిలో పెట్టేది, తీర్థం పుచ్చుకున్నట్టు కళ్లు మూసుకుని మింగేవాడు. ఆ మూడు రోజులూ మావా లేదు, ఆవకాయ లేదు, పాపడ్ లేదు, సెలవు పెట్టి కడుపునిండా నిద్ర. ఏడాదంతా పుస్తకం ముట్టని పిల్లవాడు పరీక్షకు ముందు రాత్రి కూర్చున్నట్టు. పాసయ్యేవాడు కూడా. పాసై వచ్చే దారిలోనే గల్లా దగ్గర ఆగేవాడు.

ఇది ఆయన ఒక్కడి తెలివి అనుకునేరు. సైట్లో అందరిదీ ఇదే దారి. ఒకరికి భార్య గోళీ, ఒకరికి అమ్మ గోళీ, ఎవరూ లేనివాడికి పక్కవాడి భార్య గోళీ. వాళ్లలో వాళ్లు దానికి పాసయ్యే గోళీ అని పేరు కూడా పెట్టుకున్నారు. సోమలింగం దగ్గర పని నేర్చుకున్న రాఘవ, బమ్రోలిలో ఉంటాడు, ఇంకా నలభై రాలేదు, ఏటా మెడికల్ వారంలో వదినె చేతి చాయ్ తాగడానికని వచ్చి గోళీలు పట్టుకుపోయేవాడు. ప్రసన్న ఇచ్చేది. ఇస్తే తప్పేమిటి? విషమా? డాక్టరు రాసిన మందేనాయె. మొగుడు స్టోరులో ముఖం వేలాడేసుకుని కూర్చోకుండా ఉండడానికి ఒక గోళీ ఎంతపాటి అనుకునేది.

అట్లా ఏళ్లు గడిచాయి. ఈ ఏడు వానలు పడేటప్పుడు గోపాల్ పోయాడు.

గోపాల్ సోమలింగంతో కలిసి పనిచేసేవాడు, నవాగామ్‌లో ఉండేవాడు. సైట్లో మెట్లెక్కుతూ పడిపోయాడు, ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. గుండెపోటు. వయసు నలభై ఆరు. మెడికల్ పాసై నెల తిరగలేదు. పరామర్శకు వచ్చిన ప్రతివాడూ గామా తినేసింది అన్నాడు. ఆ ఒక్క మాట మీద అందరికీ కుదిరింది. సోమలింగం కూడా అన్నాడు, గోపాల్ మీటరు లేకుండా కెమెరా దగ్గరికి పోయేవాడని, చెప్తే వినేవాడు కాదని. తర్వాత కంపెనీలో అడిగితే గోపాల్ బ్యాడ్జి లెక్క కూడా సున్న దగ్గరే ఉందని తెలిసింది. సోమలింగం రెండు రోజులు ముఖం గంటు పెట్టుకుని తిరిగి, చివరికి ఆ బ్యాడ్జే తప్పు చెబుతోందని తేల్చాడు.

పరామర్శకు వెళ్లిన రోజు ప్రసన్న ఆడవాళ్ల మధ్య కూర్చుంది. గోపాల్ భార్య గోడకు ఆనుకుని, ఏడ్చి ఏడ్చి ఇక ఓపిక లేక మామూలుగా మాట్లాడుతోంది. ఆయన ఎంత గట్టి మనిషో, ఎప్పుడూ జ్వరమన్న మాట లేదని చెబుతోంది. చెబుతూ చెబుతూ అంది, "మొన్ననే మెడికల్ పాసైండు గద అక్కా. నేనే ఇచ్చిన, మా అత్తమ్మ గోళీలు. జర తలనొస్తుంది అన్నడు, ఇంకోటి ఎక్కువ ఇచ్చి పంపిన."

అక్కడున్న వాళ్లెవరికీ ఆ మాట పట్టలేదు. చెప్పిన మనిషికీ పట్టలేదు, మరుక్షణమే గామాను తిట్టడంలో పడిపోయింది. ప్రసన్నకు మాత్రం ఆ మనిషి స్థానంలో తనే కూర్చున్నట్టు, అదే గొంతుతో అదే మాట చెబుతున్నట్టు అనిపించింది.

ఆ రోజు నుంచి ఆమె మొగుణ్ని చూడడం మొదలుపెట్టింది. అంతకుముందు చూడలేదా అంటే, కలిసి బతికే మనిషిని ఎవరు చూస్తారు? ఇంటి మెట్లు రెండో అంతస్తు దాకా ఎక్కి, అక్కడ ఆగి ఫోను తీసి చూస్తాడు. ఇదివరకు ఎవరికో మెసేజీ పెడుతున్నాడనుకునేది. ఒకసారి మెల్లగా వెనకే నిలబడి చూసింది. ఫోను ఆఫ్‌లో ఉంది. ఆయన నల్లటి అద్దంలోకి చూస్తూ ఊపిరి పీలుస్తున్నాడు. అన్నం తిన్నాక ఎడమ రొమ్ము రుద్దుకుంటాడు, గ్యాసు అంటాడు, సోడా తాగుతాడు. త్రేనుపు వస్తే చూశావా అన్నట్టు చూస్తాడు.

చెప్పి చూసింది. రోజూ గోళీ వేసుకోమంది, పెద్ద డాక్టరుకు చూపిద్దామంది, మావా మానమంది. కూతురు మనోజ్ఞ కాలేజీ నుంచి వచ్చి సగం హిందీలో సగం తెలుగులో ఆమెకు వంత పాడింది. సోమలింగం కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. పిచ్చిదాన్ని చూసినట్టు నవ్వి, ఇరవై ఏళ్లుగా గామానే నన్ను ఏమీ చేయలేదు, ఉప్పూ మావా చేస్తాయా అన్నాడు. కనపడని శత్రువును అంతకాలం కాచుకున్నవాడికి కనపడేవన్నీ చుట్టాల్లాగే ఉంటాయి కాబోలు.

సోమలింగం మెడికల్ తేదీ వచ్చింది. మూడు రోజుల ముందు పొద్దున స్నానం చేసి వచ్చి సోమలింగం అలవాటు ప్రకారం చెయ్యి చాపాడు.

ముందు రాత్రంతా ఆమె ఆలోచించి పెట్టుకుంది. ఇవ్వనంటే గొడవవుతుంది, గొడవ చేసి ఇంకొకరింటి నుంచి తెచ్చుకుంటాడు. సూరత్‌లో బీపీ గోళీ దొరకని వీధి లేదు. అందుకని ఇచ్చింది. మనోజ్ఞ నీరసంగా ఉందంటే డాక్టరు ఇచ్చిన విటమిన్ గోళీలున్నాయి, చిన్నవి, తెల్లవి, చూపుకు అచ్చం అవే. ఒకటి తీసి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన కళ్లు మూసుకుని మింగాడు.

మూడు పొద్దులూ అదే పని. చెయ్యడం తేలికే, చేశాక కూర్చోవడం కష్టం. తనకు మొగుడు కావాలి. ఆయనకు కెమెరా కావాలి. ఆయనను అడగకుండా తను ఆ కెమెరాను తీసేసుకుంటోంది. ఆ పని తీసేస్తే ఆయనలో ఇంక ఏం మిగులుతుందో ఆమెకు తెలుసు, స్టోరు రోజుల్లో చూసింది గదా. తీరా బీపీ మామూలుగానే వస్తే? అప్పుడు తనే పిచ్చిది, సంతోషంగా పిచ్చిది. ఎక్కువ వస్తే? అంట్ల ముందు కూర్చుని తోమిన గిన్నెలే మళ్లీ తోమింది.

మెడికల్ రోజు మధ్యాహ్నం రాఘవ ఫోను చేశాడు. అన్నకు బీపీ చాలా ఎక్కువ వచ్చిందని, డాక్టరు కూర్చోబెట్టి మళ్లీ మళ్లీ చూసినా దిగలేదని, గుండెకు ఈసీజీ తీస్తే అందులోనూ ఏదో తేడా ఉందని, ఇటు నుంచి ఇటే పెద్దాసుపత్రికి తీసుకుపోతున్నామని చెప్పాడు. వదినె కంగారుపడొద్దని వాడే కంగారుగా చెప్పాడు. ప్రసన్న ఫోను పెట్టేసి, గ్యాసు కట్టేసి, తాళం వేసి, మెట్లు దిగి, ఆటో ఎక్కాక గానీ కాళ్లకు చెప్పులు లేవని చూసుకోలేదు.

గుండె నాళాల్లో రెండుచోట్ల పూడిక ఉంది. ఒకటి పూర్తిగా మూసుకుపోవడానికి సిద్ధంగా ఉంది. మర్నాడు పొద్దున దాంట్లో స్టెంటు వేశారు.

స్టెంటు వేసిన డాక్టరు వయసులో చిన్నవాడు, ఓపికగల గుజరాతీ అబ్బాయి. సోమలింగం పడుకునే, డాక్టరు రాగానే అడిగిన మొదటి మాట, ఇదంతా గామా వల్లనే కదా అని. అడిగిన తీరులో ఆశ వినబడింది ప్రసన్నకు. అవును అంటే చాలు, యుద్ధంలో తగిలిన దెబ్బలా గర్వంగా మోయవచ్చు.

డాక్టరు వెంటనే కాదనలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కొంచెం కొంచెం రేడియేషన్ ఏళ్ల తరబడి పడితే గుండెకు చేటా అని పెద్ద పెద్ద దేశాల్లో పనివాళ్లను లక్షల మందిని పెట్టుకుని చూస్తున్నారని చెప్పాడు. ఎంతో కొంత చేటు ఉండవచ్చని అంటున్నారు, ఉన్నా అది కొద్ది అంటున్నారు, ఇంకా తేలలేదు. కాబట్టి అస్సలు లేదని నేను చెప్పను అన్నాడు. తర్వాత ఒక్కొక్కటే అడిగాడు. పొగాకు ఎన్నేళ్లుగా? రాత్రి డ్యూటీ ఎన్నేళ్లు? సుగరు ఎప్పుడు చూపించుకున్నారు? నాన్నగారు ఎట్లా పోయారు? సోమలింగం గొంతు ప్రతి జవాబుకూ కాస్త తగ్గుతూ వచ్చింది. వీటి సంగతి మాత్రం తేలిపోయి చాలా కాలమైంది అన్నాడు డాక్టరు. పడిన గామాను ఎవరూ తీసేయలేరు, ఇవి తీసేయగలం, గామాతో పనిచేసేవాడు వీటిలో పక్కవాడికంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి గానీ తక్కువగా కాదు అని చెప్పాడు.

చివరగా బీపీ సంగతి అడిగాడు. ప్రతి ఏడూ మెడికల్‌లో నార్మలే అని సోమలింగం చెప్పాడు. డాక్టరు గుండె స్కాన్ చూసి, ఈ గుండె గోడలు దళసరెక్కాయి, ఇది నిన్నా మొన్నా వచ్చిన బీపీ కాదే, ఇన్నేళ్లు ఎవరికీ ఎట్లా కనపడలేదో అర్థం కావడం లేదు అంటూ లేచిపోయాడు. ప్రసన్న కిటికీ వైపు చూస్తూ నిలబడింది. ఆమెకు అర్థమవుతోంది. మంచం మీదున్న మనిషికి కూడా అర్థమయ్యే ఉండాలి, కానీ ఆయన కళ్లు మూసుకున్నాడు.

వార్డులోకి మార్చాక సాయంత్రం రాఘవ వచ్చాడు, సంచీలో దానిమ్మకాయలు. కంపెనీ సంగతులు చెప్పాడు. అన్నకు ఇక కెమెరా పని ఇవ్వరని, స్టోరులోనో ఆఫీసులోనో చూస్తామన్నారని నసుగుతూ చెప్పాడు. సోమలింగం పైకప్పు చూస్తూ విన్నాడు. ప్రసన్న ఆయన ముఖం వైపు చూడలేకపోయింది. భర్త ప్రాణం దక్కినందుకు ఎంత సంతోషమో, ఆ క్షణంలో ఆ ముఖం చూడాలంటే అంత సిగ్గు కలిగింది ఆమెకు.

రాఘవ కాసేపు అటూ ఇటూ కదిలి, అసలు పనికి వచ్చాడు. తన మెడికల్ సోమవారం ఉంది.

"ఈసారి మీ గోళీలు నకిలీవి వచ్చినట్టున్నయ్ వదినె, అన్నకు అస్సలు పనిచెయ్యలే" అన్నాడు. "పాత పట్టీది ఏమన్న మిగిలితే నాకు జర మూడు ఇస్తవా?"

"అవును, ఆ దవాఖానోళ్లను అడగాలె" అన్నాడు సోమలింగం, నీరసంగా. "గట్లాంటి మందు ఇస్తే నీ బీపీ ఏం గావాలె?"

ఆయన అడిగింది ఆమె బీపీ సంగతి. ఇన్ని రోజులుగా ఆమె దాచుకున్నది ఆ మాటతో కదిలింది. ఊరుకుంటే ఊరుకోవచ్చు. నకిలీ మందు మీద నేరం మోపితే అది తిరిగి నోరెత్తదు. ఆయన జన్మలో కనిపెట్టలేడు. కానీ అట్లా ఊరుకుంటే సోమవారం రాఘవ ఎక్కడి నుంచో ఒక గోళీ సంపాదిస్తాడు, పాసవుతాడు, తర్వాత ఎప్పుడో వాడి భార్య కూడా ఒక గోడకు ఆనుకుని కూర్చుంటుంది.

"గోళీ మంచిదే" అంది ప్రసన్న. "నేనే ఇయ్యలే. తొమ్మిదేండ్లు ఇచ్చిన, ఈ ఏడు ఇయ్యలే. మూడు రోజులు నువ్వు మింగింది పిల్ల విటమిన్ గోళీ. గోపాల్ భార్య చెప్పిన మాట ఇన్నంక నాకు చెయ్యి రాలే."

రాఘవ నోరు తెరిచి, వదినె వైపు ఒకసారి, అన్న వైపు ఒకసారి చూశాడు. పక్క మంచం మీది ముసలాయన దగ్గుతున్నాడు. సోమలింగం ముఖంలోకి రక్తం పొంగి, మెల్లగా దిగింది. ప్రసన్న రెండు చేతులతో మంచం కోడు పట్టుకుని నిలబడింది, ఎంత మాట వచ్చినా పడదామని.

వచ్చిన మాట మొదట ఆమెకు కాదు.

"ఇన్నవు గద రాఘవా" అన్నాడాయన. "మా ఇంట్ల గోళీలు అయిపోయినయ్. సోమవారం ఉన్నది ఉన్నట్టు పోయి చూపిచ్చుకో. ఎక్కువస్తే మందు నీ పేరు మీద రాపిచ్చుకో, రోజూ ఏసుకో."

"కెమెరా తీసేస్తరు గదన్నా."

"తీసేస్తే తీసేస్తరు. బీపీ దిగినంక మళ్ల ఇస్తరు. నాకు గప్పుడు ఇయ్యలేదా? నేనే గోళీ మానేసి ఈడిదాక తెచ్చుకున్న." అని చెప్పి, "నీకు ఈ దొంగ తెలివి నేర్పింది గూడ నేనే. పో ఇగ, చీకటి పడ్తుంది" అన్నాడు.

రాఘవ తల వంచుకుని, దానిమ్మకాయల సంచీ స్టూలు మీద పెట్టి వెళ్లిపోయాడు. వార్డులో దీపాలు వేశారు. ప్రసన్న దిండు సర్దింది, దుప్పటి సర్దింది, సర్దిందే మళ్లీ సర్దింది. చివరికి ఆమెకే ఆగలేదు.

"కోపమా?" అని అడిగింది.

సోమలింగం పైకప్పు మీది చూపు దించి ఆమె వైపు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"కోపమే. ఎందుకుండదే? నా చేతుల ఉన్న పని, నన్ను అడగకుండ తీస్కున్నవ్. గా కోపం పోతదో పోదో నాకు తెల్వది. ఇంటికొచ్చినంక గూడ అంటనేమో, తిడ్తనేమో." ఊపిరి అందడానికి కాస్త ఆగాడు. "కానీ కోపం రావాలన్నా మనిషి బతికుండాలె గద."

ప్రసన్న అప్పుడు ఏడ్చింది. ఇన్నాళ్లూ ఆపుకున్నదంతా, సిగ్గూ భయమూ సంతోషమూ కలిపి, వార్డంతా చూస్తుండగా గట్టిగా ఏడ్చింది. తిట్టు, నీ ఇష్టమొచ్చినంత కాలం తిట్టు అని ఏడుపులోనే అంది. సోమలింగం సూది గుచ్చిన చెయ్యి కదపలేక, రెండో చెయ్యి ఆమె తల మీద పెట్టి, నర్సు వచ్చి కసిరేదాకా అట్లాగే ఉంచాడు.